ఇంటికొచ్చి రక్తం తీసుకువెళ్ళే ల్యాబ్: నాలుగు సార్లు సూది పడ్డాక నా అభిప్రాయం

అంబాజీపేటకు దగ్గరలో, కాలవ గట్టు మీదున్న పల్లె మాది. నా వయసు 26 ఏళ్ళు. ఒక కొబ్బరి వర్తకుని కొట్లో లెక్కలు రాస్తాను. మే నెలాఖరు నుంచి సెప్టెంబరు మధ్య వరకు అమలాపురంలోని ఒక ల్యాబ్ వారు మా ఇంటికి వచ్చి నాలుగు సార్లు నా రక్తం తీసుకువెళ్ళారు. థైరాయిడ్ గ్రంథి మందగించిందని కొత్తగా తెలిసినవారు, ముఖ్యంగా నా వయసు వారు, ఇలాంటి సేవను వాడుకునే ముందు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని నాకు దెబ్బ తగిలాక తెలిశాయి గనుక ఈ సమీక్ష రాస్తున్నాను. ల్యాబ్ పేరు రాయడం లేదు. వారితో వచ్చిన చిక్కు తీరిపోయింది. పైగా ఆ చిక్కులో నా వాటా కూడా ఉంది.

అసలు పరీక్ష దాకా ఎందుకు వెళ్ళవలసి వచ్చిందో ముందు చెప్పాలి. వేసవిలో నాకు చలి వేసేది. కాలవలు కట్టేసి, ఇంటిల్లిపాదీ ఉక్కపోతతో అరుగు మీదికి చేరిన రోజుల్లో నేను లోపల ఫ్యాను ఆపించి, దుప్పటి ముసుగు పెట్టి పడుకునేవాణ్ణి. "వీడికి లోజ్వరం ఉందే" అని మామ్మ అమ్మతో అనేది. మూడు నెలల్లో ఐదు కిలోలు పెరిగాను గాని, నా కంచంలో అన్నం పెరగలేదు. గొంతు బొంగురుపోయింది, విరోచనం సరిగా అయ్యేది కాదు, పొద్దున్న లేచేసరికి కళ్ళ కింద ఉబ్బు కనిపించేది. వీటన్నిటికీ ఏదో ఒక సాకు చెప్పుకున్నాను. సాకు దొరకనిది కొట్లో జరిగింది. మా దగ్గర కొబ్బరికి ధర వెయ్యి కాయల లెక్కన కడతారు. ఒక లారీ లోడు లెక్కలో నేను ఒక వెయ్యిని రెండు సార్లు కలిపాను. షావుకారు గారు పట్టుకుని, "ఏమయ్యా, నిద్రపోతూ రాశావా?" అన్నారు. దిద్దుదామని అదే కాగితాన్ని మూడు సార్లు కూడితే మూడు మొత్తాలు వచ్చాయి. ఐదేళ్ళుగా లెక్కలే రాస్తున్న నాకు ఆ మధ్యాహ్నం నిజంగా భయం వేసింది.

అమలాపురంలో డాక్టరు గారు నాడి చూశారు, నిమిషానికి 54. తరువాత కుర్చీ మీద మోకాళ్ళు ఆన్చి, పాదాలు వెనక్కి వేలాడేటట్టు ఉండమని, మడమ పైనున్న లావుపాటి నరం మీద రబ్బరు సుత్తితో కొట్టారు. నరమని మనం వాడుకగా అంటాం గాని అది కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువు. పాదం టక్కున కదిలింది. యథాస్థానానికి రావడానికి మాత్రం, గాలి తగ్గిన సైకిలు ట్యూబులాగా, మెల్లమెల్లగా వచ్చింది. "చూశారా, వెనక్కి రావడానికి ఎంత తీరిక చేసుకుంటోందో" అని ఆయన మా నాన్నకు కూడా చూపించారు. థైరాయిడ్ హార్మోను తగ్గినవారిలో కండరం బిగుసుకోవడం కంటే సడలడం ఆలస్యమవుతుందట. చీటీ మీద టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, యాంటీ టీపీఓ అని మూడు పరీక్షలు రాశారు. "థైరాయిడ్ ఆడవాళ్ళకు కదండీ వచ్చేది?" అని నాన్న అడిగారు. ఆడవారిలో చాలా ఎక్కువే గాని మగవారిని వదిలిపెట్టదని డాక్టరు గారు చెప్పారు. మన దేశంలో ఎనిమిది నగరాల్లో పెద్దవారిని పరీక్షించి 2013లో ప్రచురించిన సర్వేలో నూటికి దాదాపు 11 మందికి థైరాయిడ్ మందగించి ఉన్నదని తేలిందని తరువాత చదివాను. మా వీధిలో పిన్ని వరస ఆవిడ ఒకరు, విని, "అబ్బాయికి ఆడపిల్లల జబ్బు ఏమిటే?" అని అమ్మను పరామర్శించి వెళ్ళింది. ఆవిడ కూడా పదేళ్ళుగా అదే మాత్ర వేసుకుంటోంది.

ఇక ల్యాబ్ సంగతి. ఫోను చేసిన మర్నాడే సమయం ఇచ్చారు. ఆరున్నరకు వస్తామన్న కుర్రాడు ఆరు ఇరవై ఐదుకే బండి దిగాడు. చేతులు కడుక్కోవడానికి నీళ్ళు అడిగి, కొత్త గ్లౌజులు నా ఎదుటే విప్పి, సూది సీలు నాకు చూపించి తెరిచాడు. "ఆయ్, పిడికిలి బిగించండి" అంటూ మోచేతి మడతలో రెండు వేళ్ళతో తట్టి, అంత సులువుగా దొరకని నా రక్తనాళాన్ని ఒక్క పోటుతో పట్టుకున్నాడు. పసుపు మూత గొట్టం నిండగానే నాలుగైదు సార్లు నెమ్మదిగా తలకిందులు చేసి, స్టిక్కరు మీద పేరు, వయసు, సమయం రాసి, రాసింది నాకు పైకి చదివి వినిపించి, అప్పుడు ఐసు పెట్టెలో పెట్టాడు. ఈ చదివి వినిపించడాన్ని నేను గట్టిగా మెచ్చుకుంటాను. ఒకే వీధిలో ఒకే ఇంటిపేరుతో, తాత పేరు పెట్టుకున్న మనవలు ముగ్గురేసి ఉండే మా ఊళ్ళలో గొట్టాలు తారుమారైతే పట్టుకోగలిగినవాడు ఉండడు. ఆ నాలుగు సార్లూ వచ్చింది ఈ కుర్రాడే, నాలుగు సార్లూ ఒక్క పోటే.

ధర విషయంలో నాకు పేచీ లేదు. మొదటిసారి మూడు పరీక్షలకు 1,100 రూపాయలు, తరువాత టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 రెంటికీ కలిపి 450, ఇంటికి వచ్చినందుకు ప్రతిసారీ 100 తీసుకున్నారు. అమలాపురం పోను రాను బస్సు ఖర్చు, సగం రోజు జీతం లెక్క వేసుకుంటే ఆ వంద గిట్టుబాటే. అయితే హార్మోను పరీక్షల యంత్రం వీరి దగ్గర లేదు. సీరం వేరు చేసి బయటి పెద్ద ల్యాబ్‌కు పంపుతారు. అందువల్ల శనివారం రక్తం ఇస్తే సోమవారం రాత్రి గాని రిపోర్టు రాదు. ఈ మాట ముందుగా చెప్పరు, మనమే అడగాలి.

చిక్కంతా రిపోర్టుతోనే. మొదటి రిపోర్టు రాత్రి 9:40కి వాట్సాప్‌లో వచ్చింది. టీఎస్‌హెచ్ 48.6 అని, పక్కనే ఎర్రటి లావుపాటి 'హెచ్' అక్షరం. ఉండవలసినది 0.27 నుంచి 4.20 లోపు అని దాని పక్కన. లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి వెంటనే భాగించి చూశాను; పైహద్దుకు పదకొండు రెట్లు దాటింది. 'హెచ్' అంటే ఎక్కువ, కాబట్టి నా థైరాయిడ్ పదకొండు రెట్లు ఎక్కువ పని చేస్తోందనుకున్నాను. ఆ రాత్రి రెండు గంటల దాకా ఫోనులో నేను చదివినదంతా నాకున్న జబ్బుకు సరిగ్గా తలకిందులుగా ఉండే జబ్బు గురించి: గుండె దడ, చెమటలు, బరువు తగ్గడం, కనుగుడ్లు ముందుకు రావడం. అద్దం ముందు నిలబడి కళ్ళు కూడా చూసుకున్నాను.

నిజానికి టీఎస్‌హెచ్ థైరాయిడ్ తయారుచేసే హార్మోను కాదు. మెదడు అడుగున ఉండే పిట్యుటరీ గ్రంథి థైరాయిడ్‌కు పంపే తాఖీదు అది. గుమాస్తా పని చేయకపోతే షావుకారు గారి కేకలు పెరుగుతాయి, 48.6 అన్నది కేకల లెక్క, పని లెక్క కాదు. పని లెక్క దాని కింద వరసలో ఉంది: థైరాయిడ్ తయారుచేసే హార్మోను, ఫ్రీ టీ4, 0.93 నుంచి 1.70 మధ్య ఉండవలసింది 0.52 ఉన్నది. ఈ రెంటినీ కలిపి చదవాలన్న ఒక్క వాక్యం, తెలుగులో, ఆ కాగితం అడుగున వేయడానికి వారికి అయ్యే ఖర్చు ఏమీ లేదు. ఆ చోటును దేనికి వాడారంటే, గర్భిణులకు మూడు త్రైమాసికాలలో టీఎస్‌హెచ్ ఎంతెంత ఉండాలో వివరించే పట్టిక వేశారు. నా పేరు ముందు పురుషుడు అని అచ్చు వేసి మరీ వేశారు.

మర్నాడు ఉదయం ఫోను వచ్చింది. రిపోర్టు గురించి ఎవరో డాక్టరు మాట్లాడతారనుకుని ఎత్తితే, ఒక అమ్మాయి 72 పరీక్షల పూర్తి ప్యాకేజీ గురించి చెప్పింది. రాత్రి నిద్ర లేని మనిషికి ఉదయం ఎనిమిదింటికి అమ్మవలసిన వస్తువు కాదది. నాకు కావలసిన పరీక్షలు డాక్టరు గారు రాసిన ఆ మూడే. ఆ తరువాత రెండే. యాంటీ టీపీఓ అయితే ఒకసారి చేయిస్తే చాలు, మళ్ళీ మళ్ళీ చేయించడం వల్ల చికిత్స మారదని ఆయనే చెప్పారు.

ఆ యాంటీ టీపీఓ, అంటే థైరాయిడ్ మీదికి శరీరమే తయారుచేసే యాంటీబాడీల లెక్క, నాకు 600 దాటి ఉన్నది. 34 లోపు ఉండాలి. అంటే శరీరంలోని రక్షణ వ్యవస్థ తన థైరాయిడ్‌నే పరాయిదనుకుని దెబ్బతీస్తోందన్నమాట. దీనిని 1912లో జపాను వైద్యుడు హకారు హషిమోటో మొదట వర్ణించారు. ఆయన పేరే జబ్బుకు పెట్టారు. సముద్రానికి ఇంత దగ్గరలో ఉండి, వారానికి మూడు రోజులు చేపలు తినే ఇంట్లో అయోడిన్ లోపం ఎలా వచ్చిందని నాన్న, ఊరగాయల్లో కళ్ళుప్పు వేస్తున్నందుకు తనదే పాపమని మామ్మ, కొన్నాళ్ళు బాధపడ్డారు. ఈ జబ్బు అయోడిన్ తక్కువై వచ్చింది కాదని, ఉప్పు మారిస్తే పోయేదీ కాదని డాక్టరు గారు ఇద్దరికీ విడివిడిగా చెప్పవలసి వచ్చింది.

మందు లీవోథైరాక్సిన్, మొదట 75 మైక్రోగ్రాములు. పరగడుపున మంచినీళ్ళతో వేసుకోవాలి, అరగంట నుంచి గంట దాకా కాఫీ ముట్టకూడదు, క్యాల్షియం, ఐరన్ మాత్రలు వాడేవారు నాలుగు గంటల ఎడం పాటించాలి. గేదె పాల కాఫీ కోసం ఆ గంట ఆగడమే నాకు కష్టమైంది, మాత్ర కాదు. ఒంట్లో ఈ మందు సగానికి తగ్గడానికి సుమారు వారం పడుతుంది. అందుచేత మోతాదు మొదలుపెట్టినా, మార్చినా దాని అసలు ఫలితం ఆరు వారాలు దాటితే గాని రక్తంలో స్థిరపడదు. పది రోజులకే మళ్ళీ పరీక్ష చేయించుకోవాలని ఉబలాటపడే నాలాంటివారు ఈ లెక్క తెలుసుకుంటే 550 రూపాయలు మిగులుతాయి.

రెండవ పరీక్ష జులై మధ్యలో. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చి, వాన పట్టుకున్న పొద్దున్న, కుర్రాడు ప్లాస్టిక్ కోటు తొడుక్కుని చెప్పిన వేళకే వచ్చాడు. "ఏమీ తినలేదు కదండీ?" అని అడిగాడు. తినలేదన్నాను. అంతే, ఇంకేమీ అడగలేదు. ఈ పరీక్షకు పస్తు ఉండడం అంత ముఖ్యం కాదు. అడగవలసినవి వేరే ఉన్నాయి. నేను అప్పటికి గంట క్రితమే ఆ రోజు మాత్ర వేసుకున్నాను. మాత్ర పడిన రెండు నుంచి నాలుగు గంటల్లో ఫ్రీ టీ4 కొంత పైకి లేస్తుంది కాబట్టి, రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. అది చిన్న తప్పు. పెద్దది ఇంకొకటి ఉంది.

రిపోర్టులో టీఎస్‌హెచ్ 0.19, ఫ్రీ టీ4 2.61 అని వచ్చాయి. మొదటిసారికి పూర్తిగా ఎదురు: మందు ఎక్కువైపోయి థైరాయిడ్ పరుగులు పెడుతున్నట్టు ఉంది కాగితం చూస్తే. డాక్టరు గారు కాగితం పక్కన పెట్టి నాడి చూశారు, 60. చేతులు చాపమన్నారు, వణుకు లేదు. చర్మం ఇంకా పొడిబారే ఉంది. మళ్ళీ కుర్చీ మీద మోకాళ్ళు ఆన్చమని సుత్తితో కొడితే పాదం మునుపటంత కాకపోయినా ఇంకా బద్ధకంగానే వెనక్కి వచ్చింది. "74 కిలోల మనిషికి 75 మైక్రోగ్రాములు ఎక్కువయ్యే మోతాదు కాదే" అని కాసేపు ఆలోచించి, "ఈ మాత్ర కాకుండా ఇంకేం వేసుకుంటున్నావు?" అని అడిగారు. ఏమీ లేదన్నాను. "జుట్టుకు?" అన్నారు.

దువ్వెనకు గుప్పెడు వెంట్రుకలు వస్తున్నాయని జూన్‌లో మందుల షాపులో అడిగితే, బయోటిన్ మాత్రలు ఇచ్చారు. మందు కాదు, విటమినే కదా అని నేను ఎవరికీ చెప్పలేదు. ఒక్కో మాత్రలో 10 మిల్లీగ్రాములు. బయోటిన్ మనిషికి రోజుకు కావలసింది 30, 40 మైక్రోగ్రాముల దగ్గర. 10 మిల్లీగ్రాములంటే 10,000 మైక్రోగ్రాములు. ప్రమాణాలు మార్చి రాస్తే అంకె ఎంత చిన్నగా కనిపిస్తుందో కొట్లో రోజూ చూసే నేను, నా డబ్బా మీద చూసుకోలేదు.

ఇది జబ్బును ఏమీ చేయదు, పరీక్షను పాడుచేస్తుంది. హార్మోను కొలిచే యంత్రాలు కొన్నిటిలో, రక్తంలోని హార్మోనును పట్టుకునే పదార్థానికి బయోటిన్‌ను తోకలా తగిలిస్తారు. ఆ తోకను పట్టుకునే సన్నని పూసలు గొట్టంలో ఉంటాయి. పూసలకు ఎంత అతుక్కుంటే యంత్రానికి అంత వెలుతురు కనిపిస్తుంది. రక్తంలోనే బయోటిన్ కుప్పలుగా ఉంటే అది ముందే వెళ్ళి పూసలన్నిటినీ ఆక్రమిస్తుంది. పండగ రోజుల్లో బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాళ్ళు వేసి సీట్లు ఆపేసినట్టన్నమాట. టిక్కెట్టు ఉన్నవాడు నిలబడిపోతాడు, సీట్లు చూసి లెక్క కట్టేవాడికి లెక్క తప్పుతుంది. వెలుతురు తగ్గేసరికి యంత్రం టీఎస్‌హెచ్ తక్కువ ఉందనుకుంటుంది. ఫ్రీ టీ4 కొలిచే పద్ధతిలో లెక్క తిరగేసి ఉంటుంది, వెలుతురు తగ్గితే హార్మోను ఎక్కువ ఉన్నట్టు. కాబట్టి అది హెచ్చుగా వస్తుంది. రెండు తప్పులూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటాయి, అందుకే నమ్మబుద్ధి అవుతుంది. అమెరికాలో మందులను, పరీక్షలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2017 నవంబరులోనే బయోటిన్ గురించి హెచ్చరిక ఇచ్చింది. కనీసం రెండు రోజుల ముందు మానేయాలని థైరాయిడ్ వైద్యులు చెబుతారు. నన్ను ఐదు రోజులు ఆగి మళ్ళీ రక్తం ఇమ్మన్నారు.

ల్యాబ్‌కు ఫోను చేస్తే, "మెషిన్ రిపోర్టండీ, తప్పు రాదు" అన్నారు. డాక్టరు గారు రాసిన చీటీ పట్టుకుని స్వయంగా వెళ్ళాను. యజమాని గారు చీటీ రెండు సార్లు చదివారు. "జుట్టు మాత్రలు వాడుతున్నట్టు మాకెవరూ చెప్పలేదు కదండీ" అన్నారు మొదట. మీరు అడగలేదు కదండీ అన్నాను నేను. వాదన అంతకంటే పెరగలేదు. డబ్బు తిరిగి ఇవ్వలేదు గాని, మళ్ళీ చేసే పరీక్షకు, ఇంటికి వచ్చినందుకు కూడా ఒక్క రూపాయి తీసుకోలేదు. ఇందులో నాకూ, సగం సమాచారంతో డబ్బా చేతిలో పెట్టిన మందుల షాపుకూ వాటా ఉందని ఒప్పుకుంటాను. కాని రోజూ పదుల కొద్దీ థైరాయిడ్ గొట్టాలు పెట్టెలో పెట్టుకుని తిరిగే సంస్థకు ఈ సంగతి నాకంటే ముందు తెలిసి ఉండాలి.

బయోటిన్ మానిన ఐదు రోజుల తరువాత, అదే ల్యాబ్, అదే యంత్రం: టీఎస్‌హెచ్ 14.2, ఫ్రీ టీ4 0.98. నడుమ మారినదల్లా జుట్టు మాత్ర మానడం, ఆ ఉదయం థైరాయిడ్ మాత్ర రక్తం ఇచ్చాక వేసుకోవడం. ఆ రెండవ కాగితాన్ని నమ్మి ఉంటే ఇంకా పెంచవలసిన మోతాదును తగ్గించేవారు, నేను మరో రెండు నెలలు వెయ్యిని రెండు సార్లు కూడుతూ ఉండేవాణ్ణి. డాక్టరు గారు 100 మైక్రోగ్రాములకు పెంచారు.

సెప్టెంబరు మధ్యలో కుర్రాడు నాలుగవసారి వచ్చాడు. పెట్టె మూత తెరిస్తే లోపలి వైపు ఒక కాగితం అతికించి ఉంది. దాన్ని చూస్తూ, సూది తీయకముందే అడిగాడు: "ఇవాళ థైరాయిడ్ మాత్ర వేసేసుకున్నారాండీ? జుట్టుకు, గోళ్ళకు మాత్రలేమైనా వాడుతున్నారాండీ?" లేదన్నాక, నా జవాబులు రెండూ స్టిక్కరు పక్కనున్న ఫారం మీద రాసుకున్నాడు. ఆ ఫారం మా వల్లే వచ్చిందా అని అడిగితే నవ్వి, "ఆయ్, మా సార్ అందరినీ అడగమన్నారండి" అన్నాడు. ఈసారి టీఎస్‌హెచ్ 3.1. పాదం చురుగ్గా వెనక్కి వస్తోంది; ఫ్యాను నేనే వేయమంటున్నాను.

కాబట్టి, ఇంటి దగ్గర రక్తం ఇవ్వడానికి ఈ సేవను నేను సిఫారసు చేస్తాను. రిపోర్టు చదివి పెట్టే సాయం మాత్రం వీరి నుంచి ఆశించవద్దు. సోమవారం నుంచి గురువారం లోపు పిలవండి. డాక్టరు రాసిన పరీక్షలే చెప్పండి. ప్రతిసారీ ఇదే ల్యాబ్‌కు, ఇంచుమించు ఇదే వేళకు ఇవ్వండి. యంత్రం మారితే హద్దులు మారతాయి, పొద్దు ఎక్కేకొద్దీ టీఎస్‌హెచ్ కొంత తగ్గుతుంది, ఆ తేడాలను జబ్బు తేడాలనుకుంటే మతి పోతుంది. రాత్రి వచ్చిన రిపోర్టును రాత్రే తెరవకుండా ఉండగలిగితే మంచిది. నేను ఇప్పటికీ ఉండలేకపోతున్నాను. సూది పట్టిన చేతికి ఐదుకు ఐదు, కాగితానికి రెండు వేస్తాను. గర్భిణుల పట్టిక నాలుగవ రిపోర్టులో కూడా ఉంది.

ప్యాకేజీ ఫోను సైతం ఆగలేదు. మొన్న నేను కొట్లో ఉండగా అమ్మ ఎత్తిందట. అమ్మాయి 72 పరీక్షలనగానే, "మా వాడికి ఉన్నది ఒకటేనమ్మా, అది తేలిపోయింది, మిగతా డెబ్బై ఒకటీ మీ దగ్గరే దాచిపెట్టండి" అని పెట్టేసిందట.